లఫ్లర్ పొమెరోల్‌ను ఎందుకు వదిలింది: మూలం 1956 ఫిబ్రవరి మంచులో

ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ ప్రాంతంలో, పొమెరోల్ అనే ఊళ్లో ఉన్న ద్రాక్షతోట షాటో లఫ్లర్. దాని యజమానులైన గినోదో కుటుంబం తమ ఆరు వైన్లనూ పొమెరోల్, బోర్డో అప్పెలేషన్ల (ప్రాంతం పేరు వాడుకోవాలంటే పాటించాల్సిన నిబంధనల చట్రాల) నుంచి తప్పిస్తున్నట్టు 2025 ఆగస్టులో ప్రకటించింది. ఆ ఏటి పంట నుంచి సీసాపై ‘వ్యాన్ ద ఫ్రాన్స్’ (ఫ్రాన్స్ వైన్) అనే ఉంటుంది, ఊరి పేరు ఉండదు. నాలుగున్నర హెక్టార్ల ఈ తోట వైన్ ప్రపంచంలోని అత్యంత ఖరీదైన రెడ్ వైన్లలో ఒకటి. అప్పెలేషన్ నిబంధనలు ఇప్పటి ఎండలకు సరిపోవన్నది వాళ్ల వాదన. ఎండలు ముదిరిన ప్రతిసారీ ఈ గొడవ మళ్లీ పైకొస్తోంది. బయటికి ఇది తోటకు తడి పెట్టాలా వద్దా అన్న తగాదాలా కనిపిస్తుంది. ఆ తడి అవసరం ఎలా వచ్చిందో తెలియాలంటే 1956కు వెళ్లాలి.

ఆ ఏడు జనవరి వెచ్చగా గడిచింది. తీగల్లో రసం పైకి లేవడం మొదలైంది. ఫిబ్రవరిలో చలి ఒక్కసారిగా మైనస్ 15 డిగ్రీల కిందికి దిగి, వారాల తరబడి కదల్లేదు. లోపలి రసం గడ్డకట్టి మొదళ్లు చీలిపోయాయి. జిరోంద్ నదీముఖం పక్కనున్న మెడోక్‌ను ఆ నీటి వెచ్చదనం కొంత కాపాడింది. లిబూర్న్ వైపు, అంటే పొమెరోల్, సెంటెమిలియోన్‌లలో తోటలు ఊళ్లకు ఊళ్లే పోయాయి.

రైతులు చచ్చిన మొదళ్లు పీకి, వాటి చోట ఎక్కువగా మెర్లో అనే ద్రాక్ష రకం నాటారు. అప్పటికి అది సరైన లెక్కే. ఆ రోజుల్లో బోర్డో బాధ పండకపోవడం. చల్లని ఏళ్లలో రసానికి చక్కెర కలిపితే గానీ తగినంత ఆల్కహాల్ వచ్చేది కాదు. మెర్లో అక్కడి మరో ద్రాక్ష రకమైన కాబెర్నే కంటే ముందే పండుతుంది, చల్లటి బంకమట్టిలోనూ పండుతుంది, కాపు ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో చాలా తోటలకు వేరుమూలంగా, అంటే పైన అంటు కట్టడానికి వాడే కింది మొక్కగా, ఎస్‌వో4 అనే రకం వచ్చింది. అది బలంగా పెరుగుతుంది గానీ నేల నుంచి మెగ్నీషియం సరిగా తీసుకోదు. దాంతో పండే వేళ గుత్తుల తొడిమలు ఎండిపోతాయి. నేడు పొమెరోల్‌లో సుమారు 80 శాతం మెర్లోనే.

లఫ్లర్‌ను అప్పుడు చూసుకుంటున్న రాబిన్ అక్కచెల్లెళ్లు మాత్రం తోట పీకించలేదు. మంచు కాల్చిన తీగలను కిందికి నరికించి, మొదళ్ల నుంచి మళ్లీ చిగుళ్లు రానిచ్చారు. స్థానికులు ‘బూషే’ అనే పాత కాబెర్నే ఫ్రాంక్ అక్కడ దాదాపు సగం నిలిచింది అందుకే. అలాంటి తోట కూడా ఇప్పటి ఎండకు ఆగలేకపోతోందంటే మిగతావాటి సంగతి ఆలోచించాలి.

35 డిగ్రీలు దాటితే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, తొక్కలో రంగు కట్టడం మందగిస్తుంది, పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది. పండులో నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది. ముందే పండే మెర్లోలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది కనుక 255 గ్రాములంటే 15 శాతం. అక్కడ ఈస్ట్ అలసి పులియడం మధ్యలో ఆగితే, మిగిలిన చక్కెర మీద బాక్టీరియా పడి వెనిగర్ వాసన మొదలవుతుంది. 225 లీటర్ల పీపాలో ఏడాదిన్నర ఉంచాల్సిన వైన్‌కు అసలు పరీక్ష పీహెచ్, అంటే పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత. అది 3.5 ఉంటే లీటరుకు 25 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ (వైన్ చెడకుండా కలిపేది) ఎంత రక్షణ ఇస్తుందో, 3.9 దగ్గర అంత రక్షణకు 60 దాటాలి. తగ్గితే బ్రెటనోమైసీస్ అనే చెడు ఈస్ట్ చేరి గుర్రపుశాల కంపు తెస్తుంది.

అందుకే లఫ్లర్ సీసాలో దిద్దుబాట్ల కంటే చేనులో మార్పులు కోరుతోంది: వేర్ల దగ్గర కొద్దిపాటి తడి, ఆకు పందిరి ఎత్తు తగ్గింపు, హెక్టారుకు తీగల సంఖ్య తగ్గింపు. నిబంధన ప్రకారం మే 1 నుంచి కోత దాకా అప్పెలేషన్ తోటకు తడి నిషిద్ధం. బెట్ట ముదిరితే ప్రత్యేక అనుమతి అడగాలి. 2022లో పొమెరోల్‌కు అది దొరికింది. కానీ బెట్ట తగిలాక వచ్చే అనుమతి ఆకులు రాలాక అందే నీరు. 2021లో ఎండను దృష్టిలో పెట్టుకుని ఆమోదించిన కొత్త ద్రాక్ష రకాలు బోర్డో, బోర్డో సుపీరియర్ అప్పెలేషన్లకే, అదీ తోటలో 5 శాతానికి మించకుండా; పొమెరోల్‌కు అవి లేవు.

నిబంధనను సమర్థించేవారి మాటలోనూ నిజముంది. కాయ రంగు తిరిగే ముందు కొంత బెట్ట ఉంటేనే చిగురు ఆగి, పండు చిన్నదై, వైన్‌కు వగరునిచ్చే టానిన్ చిక్కబడుతుందని బోర్డో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెరార్ సెగ్యాన్ పరిశోధనలు చూపించాయి. తడి మరిగిన తీగ వేళ్లు పైపైనే ఉండిపోతాయి. అయితే లఫ్లర్ అడిగేది ఆ బెట్టను తీసేయమని కాదు, తీగ చచ్చే దాకా పోనివ్వొద్దని.

మిగతా తోటలకు దారి ఇంకా కష్టం. మెర్లో మొదలు మీద కాబెర్నే ఫ్రాంక్ అంటు కడితే ఒక్క పంటే పోతుంది గానీ కింద వేరుమూలం పాతదే. దాన్నీ మార్చాలంటే తోట పీకి, వైరస్ మోసే నులిపురుగులు పోయేలా నేలను కొన్నేళ్లు బీడు పెట్టి, మళ్లీ నాటాలి. మూడో ఏటికి కాపు వస్తుంది, పెద్ద వైన్‌కు తగిన గుత్తి రావడానికి మరో పదేళ్లు.