మాస్ పెరుగుతుందా, పెరగదా: అనంతపురం పేచీ వెనక కథ

అనంతపురం ఫిజిక్స్ సార్ల మధ్య పాత పేచీ మళ్లీ రాజుకుంది. ఈసారి కారణం ఒక కాలేజీ మోడల్ పేపర్‌లోని ఒక్క మార్కు బిట్టు. కాంతి వేగానికి దగ్గరగా కదిలే వస్తువు ద్రవ్యరాశి (మాస్) ఏమవుతుందన్నది ప్రశ్న. కీలో 'పెరుగుతుంది' అని ఉంది. 'మారదు' అని పెట్టిన పిల్లలకు మార్కు పోయింది. కర్నూలు, కడప లెక్చరర్లు కూడా వాట్సాప్‌లో తలో పక్కా చేరారు.

అంత వేగంగా కదిలే వస్తువుకు కాలం నెమ్మదిస్తుందన్న సంగతిలో తగువు లేదు. 1963లో ఫ్రిష్, స్మిత్ అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద గంటకు దాదాపు 563 మ్యూయాన్లను (పైనుంచి కురుస్తూ, క్షణంలోనే నశించిపోయే కణాలను) లెక్కపెట్టారు. వేగంగా కదిలే మ్యూయాన్‌కు కాలం నెమ్మదించకపోతే సముద్ర మట్టం దాకా 27 మాత్రమే మిగలాలి. 408 మిగిలాయి. అంతటితో ఆ చర్చ ముగిసినట్టే.

ద్రవ్యరాశి దగ్గరే చిక్కు. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఇచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఇవాళ్టి గొడవకు అంతకన్నా ముఖ్యమైనది 1948 జూన్‌లో ఆయన రచయిత లింకన్ బార్నెట్‌కు రాసిన ఉత్తరం. కదిలే వస్తువుకు వేగంతో పెరిగే ద్రవ్యరాశి అంటూ ఒకటి పెట్టడం మంచిది కాదనీ, దానికి స్పష్టమైన నిర్వచనం ఇవ్వలేమనీ, రెస్ట్ మాస్ (కదలకుండా ఉన్నప్పటి ద్రవ్యరాశి) ఒక్కటే చాలనీ అందులో రాశారు. 1989లో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ ఓకున్ ఒక వ్యాసంలో ఈ ఉత్తరాన్ని ముందుపెట్టి వాదించాక గానీ దాని మీద పెద్ద చర్చ జరగలేదు. ఆ నలభై ఏళ్లలో 'పెరుగుతుంది' అనే పాత పద్ధతి పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. ఇప్పుడు కీలు రాస్తున్న పెద్ద సార్లలో చాలామంది చదువుకున్నది ఆ పుస్తకాలే.

స్పష్టమైన నిర్వచనం ఎందుకు కుదరదు? కాంతి వేగంలో 86.6 శాతంతో పోతున్న వస్తువును తీసుకోండి. పోయే దిశలోనే ఇంకా ముందుకు తోస్తే, అది మామూలు కంటే 8 రెట్లు మొండికేస్తుంది. పక్కకు తోస్తే 2 రెట్లే. మరి దాని ద్రవ్యరాశి ఎన్ని రెట్లు పెరిగినట్టు? 1904లో డచ్ శాస్త్రవేత్త లోరెంట్జ్‌కూ ఈ ఇబ్బంది ఎదురైంది. నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి చొప్పున రెండు ద్రవ్యరాశులు రాసుకోవాల్సి వచ్చింది. తర్వాత ద్రవ్యవేగాన్ని (మొమెంటం) వేగంతో భాగిస్తే వచ్చేదే ద్రవ్యరాశి అని తేల్చి, రెండింటినీ ఒకటిగా చేశారు. లెక్క తేలికైంది కానీ, దిశను బట్టి మారే ఆ మొండితనం ఎక్కడికీ పోలేదు. పాఠంలో ఆ మాట చెప్పడం మానేశారంతే.

పెరుగుతుందనే వారి వాదన కొట్టిపారేసేది కాదు. అలా చెబితే కాంతి వేగాన్ని ఎందుకు అందుకోలేమో పిల్లలకు సులువుగా ఎక్కుతుంది. అమెరికా శాస్త్రవేత్త ఫైన్‌మన్ కూడా 1960ల పాఠాల్లో అలాగే చెప్పారు. ఓకున్ వ్యాసానికి మరుసటి ఏడాదే భౌతిక శాస్త్రవేత్త రిండ్లర్ ఈ పక్షాన గట్టిగా బదులిచ్చారు.

అయితే కణాలతో పనిచేసేవారు ఎప్పుడో ఒక పక్కకు వచ్చేశారు. జెనీవా దగ్గరి పెద్ద యాక్సిలరేటర్‌లో (కణాలను అతి వేగంగా పరుగెత్తించే యంత్రంలో) ప్రోటాన్ శక్తి, కదలకుండా ఉన్నప్పటి దాని శక్తికి ఏడు వేల రెట్లు దాటుతుంది. అయినా పట్టికల్లో దాని ద్రవ్యరాశి మారదు, అదే 938 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలమానం). పెరిగింది శక్తి, ద్రవ్యవేగం. మాస్ నిజంగానే పెరిగితే, చాలినంత వేగంగా పోయే రాయి బ్లాక్ హోల్ అయిపోవాలి కదా అని ఏటా ఎవరో ఒక పిల్లాడు అడుగుతూనే ఉంటాడు. ఆ రాయితో సమానంగా పక్కనే వెళ్లేవాడికి అది మామూలు రాయే. బ్లాక్ హోల్ అయ్యే ప్రశ్నే లేదు. 'పెరుగుతుంది' అని చెప్పిన సారు ఆ పిల్లాడికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకురావాలి.

పేపర్ సెట్ చేసిన వారు సిలబస్ పుస్తకాన్ని చూపిస్తున్నారు. మార్కు పోయిన పిల్లల తరఫున వాదించేవారు అడుగుతున్నది ఇదే: బిట్టులో 'ద్రవ్యరాశి' అని మాత్రమే ఉంది, 'సాపేక్ష ద్రవ్యరాశి' (వేగంతో పెరిగే ఆ పాత పద్ధతి ద్రవ్యరాశి) అని లేదు. మార్కు కలపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.