గోడ మీది ‘నరాల బలహీనత’ ఎక్కడ పుట్టింది?

రైలు ఊరి పొలిమేర దాటుతున్నప్పుడు కనిపించే గోడ రాతలు తెలుగువాళ్లకు కంఠతా వచ్చు. సున్నం కొట్టిన గోడ, లావుపాటి అక్షరాలు: నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, స్వప్నస్ఖలనం. కింద ఒక లాడ్జి పేరు, రూం నంబరు, నెలలో ఫలానా రెండు తేదీలు. ఇప్పుడు ఆ గోడ ఫోన్‌లోకి వచ్చింది, అంతే తేడా.

ఆ మొదటి మాటే చూడండి. సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటుంది, అది రక్తనాళం. మెడ తిప్పలేకపోతే ‘నరం పట్టేసింది’ అంటాం, అది ఎక్కువసార్లు కండరం. నరం అంటే ఏదైనా కావచ్చు కాబట్టి దాని బలహీనత కూడా ఏదైనా కావచ్చు. నీరసం, నడుం నొప్పి, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, అన్నీ అందులో ఇమిడిపోతాయి. వాటన్నిటి వెనక ఇరవై ఏళ్ల కుర్రాడు అడగలేక అడిగే ప్రశ్న ఒక్కటే: నేను పెళ్లికి పనికొస్తానా? లైంగికంగా తానెలాంటివాడినని మనిషి లోలోపల అనుకుంటాడో దాన్ని మానసిక శాస్త్రంలో లైంగిక స్వీయభావన అంటారు. ఈ కుర్రాడి విషయంలో దాన్ని అతని కంటే ముందే చాలామంది రాసిపెట్టారు.

అందరికంటే పాత రాత ఆయుర్వేదానిది. రసం, రక్తం, మాంసం, మేదస్సు, ఎముక, మజ్జ, చివరికి శుక్రం. ఈ ఏడు ధాతువులూ ఒకదాన్నుంచి ఒకటి తయారవుతాయి. తిన్న తిండి శుక్రంగా మారడానికి నెల పడుతుందని సుశ్రుతుడి లెక్క. పాలలో నెయ్యిలా, చెరకులో తీపిలా అది ఒళ్లంతా వ్యాపించి ఉంటుందన్నాడు. ఇన్ని వడపోతల తర్వాత మిగిలేది పోతే బలం పోయినట్టేనని జనం అనుకోవడంలో వింత లేదు. వీర్యపు బొట్టుకు వంద రక్తపు బొట్లని ఊళ్లలో చెప్పే లెక్క ఈ ఆలోచనకు చుట్టమే. అయితే ఒకటి మర్చిపోకూడదు. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. లైంగిక శక్తిని పెంచుకోవడానికే ఒక శాఖ పెట్టుకున్న శాస్త్రం అది. తప్పంతా దాని ఒక్కదాని మీదే వేస్తే అన్యాయం.

భయాన్ని సరుకుతో కలిపి అమ్మడం మాత్రం లండన్‌లో బాగా నడిచింది. 1710ల్లో అక్కడ రచయిత పేరు లేని ఒక చిన్న పుస్తకం వచ్చింది. హస్తప్రయోగం వల్ల ఒళ్లు ఎలా చెడుతుందో అందులో ఉంటుంది, దానికి విరుగుడుగా టానిక్కు, పొడి ఎక్కడ దొరుకుతాయో కూడా అందులోనే ఉంటుంది! తర్వాతి ముద్రణల్లో బాధితుల ఉత్తరాలు చేరాయి. మన గోడకు అసలు తాత ఈ పుస్తకమే అంటాను. 1758లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ ఊరి డాక్టర్ టిసో దీనికి శాస్త్రం ముసుగు వేశాడు. ఒక ఔన్సు వీర్యం పోవడం నలభై ఔన్సుల రక్తం పోవడం కంటే హాని అన్నాడు. ఇక్కడ వంద బొట్లు, అక్కడ నలభై ఔన్సులు. 1869లో న్యూయార్క్ డాక్టర్ జార్జ్ బియర్డ్ ‘న్యూరస్థీనియా’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకు మూలం చూస్తే దాని అర్థం నరాల బలహీనతే.

వలస పాలనలో ఈ రెండు ధోరణులూ మన దగ్గర కలిశాయి. మీరు బలహీనులని తెల్లదొర అన్నాడు. బ్రహ్మచర్యం, కసరత్తు, వీర్యరక్షణ అని ఇక్కడివాళ్లు జవాబిచ్చారు. గాంధీ కూడా దీని గురించి చాలాసార్లు రాశాడు.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం మేల్కొంది. అభ్యంతరకర ప్రకటనల మీద 1954లో వచ్చిన చట్టం, లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. జబ్బుల పట్టికలో నపుంసకత్వంతో పాటు నరాల బలహీనత కూడా ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. హమ్‌దర్ద్ దవాఖానా కేసులో 1959లో సుప్రీంకోర్టు కొన్ని భాగాలు కొట్టేసినా అసలు నిషేధం నిలిచింది. గోడలూ నిలిచాయి.

1960లో సైకియాట్రిస్టు నరేంద్రనాథ్ విగ్ ఈ బాధకు ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. మూత్రంలో తెల్లగా ధాతువు పోతోందని వస్తారు. పొద్దున్నే సీసాలో పట్టి, వెలుగుకు ఎత్తి చూసుకుని మరీ వస్తారు. పరీక్షలో చాలాసార్లు ఏమీ ఉండదు. వీర్యం విడుదలయ్యేది రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు, అందులో ఎక్కువ భాగం నీళ్లే, రక్తాన్ని కాచి చేసేది కాదు. నీరసం మాత్రం అబద్ధం కాదు. చాలామందిలో కుంగుబాటో ఆందోళనో బయటపడుతుంది. టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగి రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంగస్తంభనకు అవి సడలాలి. పనికిరానేమో అన్న భయమే ఆ రాత్రి పనికిరాకుండా చేస్తుంది. దీన్ని మనకే ప్రత్యేకమైన జబ్బుగా చాలాకాలం లెక్కేశారు. పందొమ్మిదో శతాబ్దపు పశ్చిమ దేశాల్లోనూ ఇదే భయం ఉండేదని 2004లో సుమతిపాల, ఆయన సహ పరిశోధకులు గుర్తుచేశారు.

ఆడవాళ్లకు గోడ లేదు. వాళ్లది తెల్లబట్ట. కాస్త తెల్లబట్ట మామూలే అని చెప్పేవాళ్లు తక్కువ, ‘ఎముకలు కరిగిపోతున్నాయి’ అనేవాళ్లు ఎక్కువ. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం ఇంటింటికీ వెళ్లి పరిశీలిస్తే, ఈ ఫిర్యాదు ఇన్ఫెక్షన్ల కంటే మానసిక ఒత్తిడి, సామాజిక ఇబ్బందులతోనే ఎక్కువ ముడిపడి కనిపించింది. 1994లో స్త్రీల లైంగిక స్వీయభావనను కొలిచే పద్ధతి తయారుచేసిన సైకాలజిస్టు బార్బరా ఆండర్సన్ అసలు పని క్యాన్సర్ రోగులతో. ఒకే చికిత్స తర్వాత ఒకరు దాంపత్యంలో కోలుకుంటారు, ఇంకొకరు కోలుకోరు. ఈ తేడాలో మనిషి తన గురించి అనుకునేదానికి పాత్ర ఉందని ఆమె పని చూపింది.

తెలుగులో ఈ ముడిని పత్రికల్లో బహిరంగంగా విప్పినవాళ్లలో విజయవాడ డాక్టర్ సమరం ముందుంటారు. ‘నా వయసు 22, అవివాహితుడిని’ అని మొదలయ్యే ప్రశ్నలు ఒక తరానికి బడిలో దొరకని పాఠం. బళ్లో ప్రత్యుత్పత్తి చాప్టర్ వచ్చేసరికి ‘ఇది మీరే చదువుకోండి’ అని సార్లు పేజీ తిప్పేసేవాళ్లు కదా.

ఇప్పటికీ ఓపీలో డాక్టరు రిపోర్టు చూసి ‘అంతా నార్మల్’ అంటే కుర్రాడి ముఖం వెలగదు. ‘నార్మలే సార్, మరి ఈ నీరసం?’ అంటాడు. దానికి కనీసం అరగంట కూర్చుని మాట్లాడాలి. బయట క్యూలో అరవై మంది ఉంటారు. లాడ్జి రూంలో మాత్రం ఎంతసేపైనా వింటారు.