స్కేట్‌బోర్డ్ షూస్: చిరిగిన చోటే పుట్టిన డిజైన్

షూ ఫ్యాక్టరీలో శాంపిల్ సెక్షన్‌లో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. కొత్త మోడల్ బయటికి వెళ్లే ముందు దాన్ని వంచి, రుద్ది, నానబెట్టి, ఎక్కడ ఊడుతుందో చూడటం నా పని. హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడికి స్కేట్‌బోర్డ్ పిచ్చి పట్టిన దగ్గర్నుంచీ ఈ షూస్ మీద నాకు ప్రేమ పెరిగింది. పాత జత పారేయకుండా నాకు పంపిస్తాడు. విప్పి చూస్తే, మా మెషిన్లు చెప్పని సంగతులు కూడా ఆ జతలు చెబుతాయి. వాడి స్నేహితులూ, వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగే ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. నాకు తెలిసినంతలో వాటికి జవాబులు ఇవి.

అపోహ: మొట్టమొదటి స్కేట్‌బోర్డ్ షూ చేసింది వ్యాన్స్.

వాస్తవం: అంతకు ముందే ఒకటి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన రాండాల్ఫ్ రబ్బర్ కంపెనీ 1965లోనే స్కేట్‌బోర్డ్ కోసమని చెప్పి 'రాండీ 720' అనే జతను అమ్మింది. సోల్‌లో వాడిన రబ్బరుకు 'రాండీప్రీన్' అని ప్రత్యేకంగా పేరు కూడా పెట్టుకుంది. వ్యాన్స్ పెట్టిన పాల్ వాన్ డోరెన్ పని నేర్చుకున్నది ఆ కంపెనీలోనే. అక్కడి నుంచి బయటికొచ్చి తమ్ముడు జిమ్, గోర్డన్ లీ, సెర్జ్ డెలియాలతో కలిసి 1966 మార్చి 16న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో సొంత ఫ్యాక్టరీ, దానికి ఆనుకునే కొట్టు తెరిచాడు. మొదటి రోజు పన్నెండు మంది కొన్నారు. పొద్దున ఆర్డర్ తీసుకుని, వెనక షెడ్డులో కుట్టి, సాయంత్రానికి చేతికిచ్చారు. ఈ రంగంలో ఉన్నవాడిగా ఆ రోజు అక్కడ ఎంత హడావిడి జరిగి ఉంటుందో నేను ఊహించగలను.

అయితే వాళ్లు అమ్మింది స్కేటర్ల కోసం చేసిన షూస్ కాదు, మామూలు కాన్వాస్ డెక్ షూస్. సోల్ మాత్రం మందంగా, జిగురుగా పట్టుకునేలా ఉండేది. మొదట్లో ఆ సోల్ కింద డైమండ్ గళ్ల నమూనా ఒక్కటే ఉండేది. నడుస్తుంటే పాదం ముందు భాగం వంగే చోట అది చీలిపోసాగింది. చీలిక పాకకుండా ఆ చోట నిలువు గీతలు జోడించారు. ఇవాళ అందరూ వాఫల్ సోల్ అని మురిసిపోయే నమూనాకు మూలం ఈ రిపేరే. 1970లలో స్కేటర్లు బోర్డు మీద పాదం జారకుండా ఉండేందుకు ఈ సోల్‌ని వెతుక్కుంటూ వచ్చారు. కంపెనీ వాళ్లని వెతుక్కుంటూ వెళ్లలేదు. ఒక కాలితో నెట్టుకుంటూ, అదే కాలితో బ్రేక్ వేసే స్కేటర్లకు ఒక పక్క షూ త్వరగా అరిగిపోతుంది కదా, అలాంటివాళ్లకు ఒక్క కాలి షూ కూడా విడిగా అమ్మేవాళ్లు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

1976లో టోనీ ఆల్వా, స్టేసీ పెరాల్టా అనే స్కేటర్లు అడిగిన మార్పులతో వ్యాన్స్ నుంచి 'ఎరా' వచ్చింది. చీలమండ దగ్గర మెత్తటి ప్యాడింగ్, ఎక్కువ రంగులు. మరుసటి ఏడు 'ఓల్డ్ స్కూల్'లో తొందరగా అరిగే చోట్ల కాన్వాస్ బదులు తోలు వేశారు. 1978లో 'స్కేట్-హై' వచ్చి చీలమండని బోర్డు దెబ్బల నుంచి కప్పింది. ఈ మూడు మోడల్స్‌నీ వరసగా పెట్టి చూడండి. స్కేటర్ల కాళ్లకు ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో వరస ప్రకారం కనిపిస్తుంది.

అపోహ: తోలు షూ అయితే ఎక్కువ కాలం వస్తుంది, ఖరీదైంది కొనేస్తే సరి.

వాస్తవం: అరుగుదల ఎక్కడ మొదలవుతుందో ముందు చూడాలి. స్కేట్‌బోర్డ్ పైన అతికించే గ్రిప్ టేప్ అచ్చం వడ్రంగులు వాడే ఉప్పు కాగితంలా ఉంటుంది. ఆలీ అనే గెంతులో వెనక కాలు బోర్డు తోకని నేలకు కొడుతుంది, ముందు కాలు పక్కకు తిరిగి ఆ గరుకు మీద జారుతూ పైకి వెళుతుంది. రోజుకు వంద సార్లు అలా జారితే చిటికెన వేలు వైపు చిల్లు పడి తీరుతుంది. దానికి 'ఆలీ హోల్' అని పేరే ఉంది.

కాన్వాస్ అయితే ఒక దారం తెగగానే పక్క దారాలు కూడా వదులవుతాయి. స్వెడ్ అలా కాదు. నూగుగా ఉండే తోలు పొర కాబట్టి నెమ్మదిగా, పొడిలా రాలుతూ అరుగుతుంది, టేప్‌ని బాగా పట్టుకుంటుంది కూడా. అందుకే స్కేటర్లలో ఎక్కువమంది స్వెడ్ అడుగుతారు. మా మేనల్లుడి పాత జతల్లో మాత్రం స్వెడ్ కన్నా ముందు కుట్టు పోయింది. బొటనవేలు చుట్టూ ఉన్న దారాలు తెగితే ఎంత మంచి తోలైనా ముక్కలుగా విడిపోతుంది. కొనేటప్పుడు ముందు భాగంలో కుట్లు తక్కువగా, ఒకే ముక్కగా ఉన్నదాన్ని ఎంచుకోండి. స్వెడ్ కింద రబ్బరు పొర వేసినది దొరికితే ఇంకా మంచిది.

అపోహ: వల్కనైజ్డ్ సోల్ అసలైంది, కప్‌సోల్ అంటే తక్కువ రకం.

దీని మీద పిల్లలు నిజంగా గొడవలు పడతారు. రెండూ రెండు తయారీ పద్ధతులు మాత్రమే. వల్కనైజ్డ్‌లో పై భాగాన్ని లాస్ట్ (పాదం ఆకారపు అచ్చు) మీదకి లాగి, కింద పచ్చి రబ్బరు సోల్ పెట్టి, చుట్టూ పట్టీ తిప్పి అతికిస్తాం. తర్వాత జతలన్నీ లాస్ట్‌తో సహా పెద్ద ఆవిరి పెట్టెలోకి వెళతాయి. వంద డిగ్రీలు దాటిన వేడిలో, ఒత్తిడిలో రబ్బరు ఉడికి అన్నీ ఒకటవుతాయి. ఆ సోల్ పల్చగా ఉంటుంది, మొదటి రోజు నుంచే వంగుతుంది, కింద బోర్డు కదలిక పాదానికి తెలుస్తుంది. కప్‌సోల్‌ని ముందే అచ్చులో పోస్తారు. దొప్ప లాంటి ఆ సోల్‌లో పై భాగాన్ని కూర్చోబెట్టి, జిగురు పెట్టి, అంచు చుట్టూ కుట్టు వేస్తాం. బిగుతుగా ఉంటుంది, దెబ్బని బాగా ఆపుతుంది, మెత్తబడటానికి కొన్ని రోజులు పడుతుంది.

మెట్ల మీద నుంచి దూకేవాళ్లకి కప్‌సోల్ నప్పుతుంది. నేల మీద బోర్డు తిప్పే ఆటకి వల్కనైజ్డ్ హాయిగా ఉంటుంది. వల్కనైజ్డ్ కొంటే లోపలి ఇన్‌సోల్ తీసి చూడండి. ఆవిరి పెట్టె వేడికి మెత్తటి ఫోమ్ పాడవుతుంది కాబట్టి దాన్ని చివర్లో విడిగా పెడతాం. మడమకి దక్కే మెత్తదనంలో ఎక్కువ భాగం దానిదే. షూ బాగుండగానే ఇన్‌సోల్ అణిగిపోతే, అదొక్కటే మార్చుకోవచ్చు.

అపోహ: ఎంత ఉబ్బుగా ఉంటే అంత భద్రం.

1990ల చివర్లో కంపెనీలు కూడా ఇదే నమ్మాయి. మెట్లు, రెయిలింగులు పెద్దవయ్యాయి, దూకుళ్లు పెరిగాయి, షూస్ కూడా దిండ్లలా ఉబ్బాయి. ఒసైరిస్ కంపెనీ డీ3 మోడల్ ఆ కాలానికి గుర్తు. కానీ అంత మందం కింద బోర్డు ఎక్కడుందో పాదానికి తెలియదు, తెలియకపోతే అడుగు తప్పుతుంది. తర్వాత కొన్నేళ్లకే స్కేటర్లు పల్చటి సోల్స్ వైపు మళ్లారు. మడమ కింద మంచి ఫోమ్, పాదం ముందు భాగంలో పల్చదనం: చాలాకాలం తంటాలు పడి పరిశ్రమ చేరుకున్న రాజీ ఇది.

అపోహ: డిజైన్లన్నీ పెద్ద కంపెనీల స్టూడియోల్లోనే పుడతాయి.

1989లో స్టీవ్ కబాలేరో అనే స్కేటర్ పేరుతో వ్యాన్స్ ఒక ఎత్తు షూ విడుదల చేసింది. రాంప్‌ల మీద బాగానే ఉంది కానీ వీధుల్లో ఆడేవాళ్లకి చీలమండ కదలక ఇబ్బంది అయింది. స్కేటర్లు కత్తెర తీసుకుని పై భాగం కోసేసి, అంచులకు టేప్ చుట్టుకున్నారు. కబాలేరో కూడా అలాగే కోసుకుని, కంపెనీకి చెప్పాడు. 1992లో ఆ కోసిన ఎత్తులోనే 'హాఫ్ క్యాబ్' వచ్చింది. ఆయన పేరు మీదున్న 'కబాలేరియల్' అనే ట్రిక్‌లో సగం తిప్పితే 'హాఫ్ క్యాబ్' అంటారు. సగానికి కోసిన షూకి ఆ పేరే పెట్టారు. ఒక శాంపిల్ మేకర్‌గా చెబుతున్నాను, కస్టమర్ కోసుకున్న షూని మళ్లీ ప్యాటర్న్‌గా గీయడానికి ఒప్పుకునే కంపెనీ అరుదు.

మొదట ఫ్రాన్స్‌లో పుట్టిన ఎట్నీస్ 1987లో నాటస్ కౌపస్ అనే స్కేటర్ పేరుతో మోడల్ తెచ్చింది. ఆ బ్రాండ్‌ని అమెరికాలో నిలబెట్టిన పియర్ ఆండ్రే సెనిజెర్గ్ కూడా స్కేటరే. 1990లలో స్కేటర్ల చేతుల్లో ఇలాంటి కంపెనీలు చాలా పెరిగాయి.

అపోహ: డబ్బున్న కంపెనీ వస్తే చిన్నవాళ్లు వెంటనే మాయమైపోతారు.

నైకీ 1990లలో ప్రయత్నించి ఓడిపోయింది. స్కేటర్లు దగ్గరికి రానివ్వలేదు. 2002లో శాండీ బోడెకర్ ఆధ్వర్యంలో మళ్లీ వచ్చినప్పుడు పద్ధతి మారింది. 1985 నాటి డంక్ అనే బాస్కెట్‌బాల్ షూనే తీసుకుని, నాలుకని లావు చేసి, మడమ కింద గాలి కుషన్ పెట్టారు. నలుగురు స్కేటర్లని తీసుకుని వాళ్లకి తలో రంగు ఇచ్చారు. పెద్ద షోరూముల్లో కాకుండా చిన్న స్కేట్ షాపుల్లో అమ్మారు. అంటే డబ్బుతో పాటు ఓపిక, వినడం కూడా కావాల్సి వచ్చింది. వ్యాన్స్ కథ తిరగేసి చదవండి. అన్ని ఆటలకీ షూస్ చేయబోయి, అప్పులు పెరిగి, 1984లో దివాలా రక్షణ కోరింది. తేరుకోవడానికి మూడేళ్లు పట్టింది.

మన దగ్గర ఇంకో అపోహ, చిన్నదే. రోలర్ స్కేట్స్ నేర్చుకునే పిల్లలకి కూడా ఈ షూసే కొనాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. అక్కర్లేదు. వాళ్ల స్కేట్స్‌కి బూటు కలిసే ఉంటుంది.

చివరిగా డూప్లికేట్ల గురించి. కిందటేడు మేనల్లుడు బజార్లో సగం ధరకే ఒక జత కొన్నాడు. రెండు వారాల్లో సోల్ చుట్టూ పట్టీ ఊడిపోయింది. "మామయ్యా, నేను ఎక్కువ ఆడేశానా?" అని బాధగా అడిగాడు. విప్పి చూస్తే రబ్బరు ఉడికిన జాడే లేదు, చల్లటి జిగురుతో అతికించారు. ఇప్పుడు వాడు కొట్లో ముందుగా షూని మధ్యకి వంచి, పట్టీ అంచున గోరు పెట్టి లాగి చూస్తున్నాడు. చిల్లు పడటం మొదలవగానే, గుడ్డ బయటపడక ముందే, ఆ చోట షూ జిగురు పల్చగా రాసి ఒక రోజు ఆరబెడుతున్నాడు. మొన్న పంపిన జత మీద జిగురు అరచేతి వెడల్పున ఉంది, కింద స్వెడ్ ఇంకా బతికే ఉంది.