గొట్టంతో పోస్తే కడుపులోకే పోతాదా? మింగలేని కుక్కల గురించి అపోహలు - వాస్తవాలు

నిన్న రాత్రి నెల్లూరులో మా వెటర్నరీ క్లినిక్ షట్టర్ సగం దించాక వేదాయపాళెం నుంచి ఆటోలో ఒక లాబ్రడార్‌ని తీసుకోని వచ్చారు. ఏడు నెలల పిల్ల, పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, మెడ ముందుకి చాపి ఎగశ్వాస తీస్తా ఉంది, టెంపరేచర్ 104.6, చిగుళ్లు నీలంగా తిరుగుతా ఉండాయి. "తిన్నది తిన్నట్టే కక్కేస్తా ఉంది మేడమ్, ఏమీ నిలవట్లా, అందుకని మూడ్రోజుల నుంచి సిరంజితో పాలు, గ్లూకోజు నీళ్లు పోస్తా ఉండాం, అది కూడా ముక్కులోంచి వచ్చేస్తా ఉంది" అన్నాడు ఆ అబ్బాయి. వాళ్లమ్మ వెనక నిలబడి ఏడుస్తా ఉంది. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయిందని స్టెతస్కోపు పెట్టకముందే నాకు అర్థమైపోయింది. ఈ నెలలో ఇట్టాంటిది మూడోది.

వాళ్లని తిట్టబుద్ధి కాలా. తిండి తినని బిడ్డకి ఏదో ఒకటి పోద్దామనే గదా చేసింది. కోపమొచ్చేది వాళ్లకి ఆ సలహా ఇచ్చిన వాళ్ల మీద, ఫోన్లో వీడియో చూసి "100 ఎంఎల్ సిరంజి కొని పోసెయ్యండి, అదే సెట్ అవుతాది" అని చెప్పే పెద్దమనుషుల మీద.

ఆ పిల్లకి ఉన్న జబ్బు పేరు మెగా ఈసోఫేగస్, పెద్ద పాఠం చెప్పను. అన్నవాహిక బిగువు పోయి పాత సైకిల్ ట్యూబులాగా సాగిపోయి ఉంటాది, తిన్నది కడుపు దాకా పోకుండా ఛాతీలోనే ఆగిపోతాది. జబ్బు అంతవరకే. కుక్కని చంపేది చాలాసార్లు ఈ జబ్బు కాదు, ఆగిపోయిన తిండి వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లో పడడం. ఆ పని మనమే మన చేత్తో చేస్తే?

అపోహ: తినకపోతే నోట్లో పోసైనా లోపలికి పంపాలి.

వాస్తవం: అట్టా పోసింది కడుపులోకి పోతాదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఊపిరితిత్తుల్లోకి పోవడం మాత్రం నేను వారం వారం చూస్తా ఉండా.

కుక్క తనంతట తాను మింగేటప్పుడు గొంతులో ఊపిరి గొట్టం మీద మూత పడతాది, ఆ ఒక్క క్షణం ఊపిరి ఆపి మింగుతాది. మీరు మూతి పట్టుకోని, తల పైకెత్తి, దవడ పక్కనుంచి జర్రున పోస్తే ఆ టైమింగ్ దాని చేతిలో లేదు, మీ బొటనవేలి చేతిలో ఉంది. మామూలు కుక్కకే అది డేంజర్. మెగా ఉన్న కుక్కకైతే లోపల గొట్టంలో పొద్దున తిన్నదే ఇంకా నిలబడి ఉంటాది, దానిమీద మీరు ఇంకో గ్లాసు పోస్తారు, అది పొర్లి ఎటు పోవాలి? పోసినప్పుడు బాగానే ఉన్నట్టు ఉంటాది, గంట తర్వాత కుక్క పడుకోంగానే నెమ్మదిగా గొంతులోకి జారతాది, పక్కనే ఊపిరి గొట్టం తెరుచుకోని ఉంటాది. నూనె, నెయ్యి లాంటివి ఇంకా ఘోరం, దగ్గు కూడా సరిగా రానియ్యకుండా జారిపోతాయి.

ఈ అలవాటు ఎక్కడిదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను పుట్టింది ఒంగోలు పక్క పల్లెలో. ఎద్దుకి కడుపుబ్బరం వస్తే మా తాత వెదురు గొట్టం ఏటవాలుగా చెక్కి, దాన్లో కషాయం పోసి, ముక్కుతాడు పట్టుకోని తల పైకి లాగి పోసేవాడు. చిన్నప్పుడు లాంతరు పట్టుకునే డ్యూటీ నాది. ఒకసారి మంచి వయసు కోడెకి అట్టా పోస్తే మధ్యలో దగ్గింది, తాత ఆపలా, ఇంకా సగం ఉంది గదా అని పోసేశాడు. రెండో రోజు మేత ముట్టలా, నాలుగో రోజు పడిపోయింది. దిష్టి తగిలిందన్నారు ఊళ్లో. తిరుపతి వెటర్నరీ కాలేజీలో మాకు డ్రెంచింగ్ న్యుమోనియా, అంటే నోట్లో పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే జబ్బు గురించి క్లాసు చెబుతుంటే నా కళ్ల ముందు ఆ కోడే కనపడింది, ఆ రోజంతా హాస్టల్లో అన్నం తినలా. పశువులకి చేసే ఆ పనే ఇప్పుడు కుక్కల దగ్గరికి వచ్చింది, వెదురు గొట్టం పోయి ప్లాస్టిక్ సిరంజి వచ్చింది, అంతే తేడా.

పోస్తూ పోస్తూ ఉన్నప్పుడు దగ్గితే, ముక్కులోంచి వస్తే, గురగుర శబ్దం వస్తే, అక్కడే ఆపండి. ఇంకో చుక్క కూడా వద్దు. తర్వాత రెండు మూడు రోజులు కుక్క నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి, ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. నిమిషానికి 30 దాటితే, జ్వరం 103 దాటితే, దగ్గుతా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. అప్పుడు కావాల్సింది ఎక్స్‌రే, యాంటీబయాటిక్, అవసరమైతే ఆక్సిజన్. కడుపులోకి తిండి పంపే దారి కూడా ఉంది, పొట్ట పక్కనుంచి ట్యూబు వేస్తే నోటితో సంబంధం లేకుండా నేరుగా పెట్టొచ్చు. ట్యూబు అనంగానే బెదిరిపోతారు గానీ ఆ ట్యూబుతో హాయిగా తిరిగే కుక్కలు ఉండాయి.

మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. మన దగ్గర గోమార్ల జ్వరం, అదే టిక్ ఫీవర్, లేని కుక్క లేదు, కాబట్టి డాక్సీసైక్లిన్ వాడని ఇల్లూ లేదు. ఆ మాత్రని ఉత్తదే గొంతులో వేసి మూతి మూసేస్తే అన్నవాహికలో అతుక్కోని అక్కడే కాల్చి పుండు చేస్తాది, పుండు మానేటప్పుడు గొట్టం సన్నబడిపోతాది. పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. తిండిలో పెట్టి ఇవ్వండి, వెనకాలే ఇంకో రెండు ముద్దలు తిననివ్వండి.

అపోహ: ఇది వాంతే, వాంతుల ఇంజక్షన్ వేస్తే పోతాది.

ఇక్కడ తప్పు మీదొక్కటే కాదు, మాది కూడా. ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తల్లో ఒక జర్మన్ షెపర్డ్‌కి నేనే రెండు వారాలు వాంతుల ఇంజక్షన్లు పొడిచా, ప్రతిసారీ "ఇవాళ్టితో తగ్గుతాది" అని చెప్పి పంపేదాన్ని. చివరికి వాళ్ల పిలకాయ ఫోన్లో తీసిన వీడియో చూపిస్తే తల తిరిగిపోయింది, అది వాంతి కానే కాదు.

వాంతి అయితే ముందు కుక్క ఇబ్బంది పడతాది, పెదాలు నాకుతాది, చొంగ కారుస్తాది, పొట్ట ఎగదన్నుకోని ఎక్కిళ్లు పెట్టినట్టు రెండు మూడుసార్లు లాగి అప్పుడు కక్కుతాది, పసుపుపచ్చ పసరు కూడా రావచ్చు. మింగింది వెనక్కి రావడం అట్టా ఉండదు. మామూలుగా నిలబడి ఉంటాది, తల కిందికి వంచుతాది, నోట్లోంచి ముద్దలాగా తిన్న అన్నం మెతుకుతో సహా జిగురు కలిసి జారిపడిపోతాది. పొట్ట కదలదు. ఒక్కోసారి గొట్టం ఆకారంలోనే పడతాది. పడిన వెంటనే మళ్లీ అదే తినబోతాది, ఎందుకంటే దానికి కడుపులో బాగలేక కాదు, ఆకలి తీరక. తిన్న ఐదు నిమిషాలకే రావాలని లేదు, గంటల తర్వాత కూడా రావచ్చు. డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు ఇంకేం తేకపోయినా పర్లేదు, వీడియో తీసుకోని రండి.

వాంతుల మందు ఇక్కడ ఎందుకు పనిచెయ్యదంటే, మన అన్నవాహికలో కింద భాగం నునుపు కండరం, కుక్కకి పైనుంచి కిందిదాకా మొత్తం చారల కండరమే. మెటోక్లోప్రమైడ్ లాంటి వాంతుల మందులు నునుపు కండరం మీదే పనిచేస్తాయి, చారల కండరాన్ని కదిలించలేవు, పైగా కడుపు మొదట్లో ఉండే గేటుని బిగిస్తాయి, అసలే కిందికి దిగని తిండికి గేటు కూడా వేసినట్టు. ఆ గేటుని కొంచెం వదులు చేసే మందుగా కొన్ని కుక్కలకి సిల్డెనాఫిల్ రాస్తా ఉండాం. అవును, అదే, వయాగ్రా. మూలపేట నుంచి ఒక పెద్దమ్మ నా చీటీ తీసుకోని మెడికల్ షాపుకి పోతే ఆ కుర్రాడు చీటీ చూసి, ఆమెని చూసి, మళ్లీ చీటీ చూసి నాకు ఫోన్ చేశాడు. "కుక్కకి నాయనా, కుక్కకి" అని ఆమె వెనక నుంచి అరుస్తా ఉంది. నవ్వుకున్నాం గానీ డోసు బరువుని బట్టి లెక్కగట్టి ఇచ్చేది, మీ అంతట మీరు ముక్క చేసి వెయ్యబాకండి.

అపోహ: గిన్నె స్టూలు మీద పెట్టాం గదా, చాలు.

చాలదు. నాలుగు కాళ్ల మీద నిలబడిన కుక్కకి అన్నవాహిక అడ్డంగానే ఉంటాది, గిన్నె ఎత్తులో పెట్టినా ఛాతీ దగ్గర మళ్లీ అడ్డమే. మనకి కావాల్సింది నిటారు. ముందుకాళ్లు పైన, వెనక కూర్చున్నట్టు, బొమ్మలాగా. బయటి దేశాల్లో దీన్ని బెయిలీ చైర్ అంటారు, బెయిలీ అనే కుక్క కోసం వాళ్ల యజమానులు చేయించింది. ఇక్కడ ఆన్‌లైన్లో వెతికి వేలు పోయక్కర్లా, మా దగ్గర ఒకాయన పాత నీళ్ల డ్రమ్ము నిలువుగా కోసి, లోపల పాత దుప్పటి కుట్టి చేశాడు, ఇంకొకాయన ప్లైవుడ్‌తో వడ్రంగి చేత చేయించాడు. తినేటప్పుడు, తిన్నాక 20 నుంచి 30 నిమిషాలు దాన్లోనే ఉంచాలి. మొదటి వారం గోల చేస్తాది, తర్వాత అన్నం టైముకి అదే పోయి కూర్చుంటాది. చిన్న కుక్కయితే భుజం మీద బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకోని సీరియల్ చూసుకోండి.

రోజుకి ఒకటే పెద్ద భోజనం వద్దు, నాలుగు చిన్నవి. ఏ పదును పడతాదో కుక్కని బట్టి ఉంటాది, ఒకదానికి చికెన్ కలిపిన రాగి సంకటి చిన్న ఉండలు చేస్తే దిగుతాయి, ఇంకోదానికి మిక్సీ పట్టి జావలాగా నాకనిస్తేనే దిగుతాది, వారం వారం మార్చి రాసిపెట్టుకోండి. ఎముకలు లేవు, చేప ముళ్లు అసలే లేవు. నీళ్లే అసలు తలనొప్పి, తిండి నిలిచినా నీళ్లు వెనక్కి వస్తాయి. జెలటిన్ వేసి గడ్డకట్టించి పెట్టమని అన్ని చోట్లా రాసి ఉంటాది, అది మే నెల నెల్లూరులో పది నిమిషాల్లో మళ్లీ నీళ్లయిపోతాది. చైనా గ్రాస్ వాడండి, ఎండకి కరగదు, కొంచెం చికెన్ నీళ్లు కలిపితే ముక్కలు ముక్కలుగా తినేస్తాది. రాత్రి పడుకున్నప్పుడు మెడ కింద తువ్వాలు చుట్టి ఎత్తుగా ఉంచండి. వారానికోసారి బరువు చూడండి, మీరు ఎత్తుకోని మిషన్ ఎక్కి మీ బరువు తీసెయ్యండి.

అపోహ: చొంగ కారుస్తూ మింగలేకపోతుందంటే గొంతులో ఎముక ఇరుక్కుంది, చెయ్యి పెట్టి తియ్యాలి.

దయచేసి చెయ్యి పెట్టబాకండి. ఎముక కావచ్చు, మన కోస్తాలో గాలం కూడా కావచ్చు, కానీ కింది దవడ వేలాడేసి, చొంగ కారుస్తా, గొంతు మారి ఉంటే రేబిస్ కూడా ఇట్టానే ఉంటాది. ఎగబడి కరిచేదే రేబిస్ అనుకుంటారు, మూగగా మూల కూర్చునే రేబిస్ కూడా ఉంది. "నీళ్లు పెడితే భయపడలా, కాబట్టి రేబిస్ కాదు" అంటారు. నీళ్ల భయం మనుషుల్లో కనపడే లక్షణం, కుక్క నీళ్ల దగ్గరికి పోతాది, తాగబోతాది, మింగలేదు. ఇప్పటికే చెయ్యి పెట్టేసి ఉంటే, గీరుకుపోయిన చోట చొంగ తగిలి ఉంటే, 15 నిమిషాలు పారే నీళ్లు, సబ్బుతో కడిగి అదే రోజు గవర్నమెంట్ ఆస్పత్రికి పోండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో టీకా, గాయాన్ని బట్టి సీరం. కుక్క బతికే ఉంది గదా అని చూస్తా కూర్చోబాకండి. అట్టాగని మింగలేని ప్రతి కుక్కా పిచ్చిదని రోడ్డు మీద వదిలెయ్యడం కూడా నేను చూశా, అది ఇంకో పాపం. టీకాలు వేయించిన కార్డు ఉందా లేదా అన్నది మేము మొదట అడిగేది అందుకే.

మిగతావి గబగబా. మెగా పుట్టుకతోనే వస్తాది అంటారు, అన్నిసార్లూ కాదు, ఏడేళ్ల కుక్కకి కూడా వస్తాది, మయస్థీనియా అనే కండరాల నీరసం జబ్బు, అడిసన్స్ అనే హార్మోన్ల జబ్బు, పొగాకు చేలల్లో, మిరప చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు నాకడం, ఇట్టా చాలా కారణాలు, కొన్నిటికి మూలం దొరికితే తగ్గుతాది కూడా, అందుకే రక్త పరీక్షలు. ఆపరేషన్ లేదంటారు, మామూలు మెగాకి లేదు గానీ పాలు మాని గట్టి తిండి మొదలుపెట్టంగానే కక్కే పిల్లల్లో గుండె దగ్గర రక్తనాళం అన్నవాహికని చుట్టుకోని ఉండే రకం ఒకటుంది, దానికి ఆపరేషనే మందు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తిరుపతికో మద్రాసు వెటర్నరీ కాలేజీకో పొమ్మంటే దూరం అనుకోబాకండి. ఎక్స్‌రేలో అన్నవాహిక కనపడడానికి తాగించే బేరియం మందుని ఇంట్లోనే తాగించి రమ్మంటే ఒప్పుకోబాకండి, అది కూడా పోసేదే గదా. దిష్టి తీస్తే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఎండుమిరపకాయల పొగ మాత్రం దాని ముక్కు దగ్గర వెయ్యబాకండి.

"ఇంజక్షన్ ఇచ్చేసి నిద్రపుచ్చండి మేడమ్" అని మొదటి రోజే అడిగే వాళ్లుంటారు. అలసిపోయి అడుగుతారు, నాకు తెలుసు. రోజుకి నాలుగుసార్లు అరగంట కుర్చీ దగ్గర కూర్చోవడం అందరికీ కుదరదు, కుదరని వాళ్లని నేను ఒక్క మాట అనను. కానీ ఒక నెల చూశాక అడగండి.

ఆ లాబ్రడార్ ఇంకా కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ మీదే ఉంది. రాత్రి ఊపిరి నిమిషానికి 68, ఇందాక లెక్కపెడితే 46. ఎక్స్‌రేలో అన్నవాహిక మెడ నుంచి పొట్ట దాకా సాగిపోయి ఉంది, కుడి పక్క ఊపిరితిత్తి తెల్లగా ఉంది. వాళ్లమ్మ పొద్దున్నే ఫ్లాస్కులో పాలు తెచ్చింది, వెనక్కి పంపించా. ఆ అబ్బాయి కుర్చీకి కొలతలు ఇవ్వమన్నాడు, టేపు పెట్టి ముడ్డి నుంచి ముందుకాళ్ల చంకల దాకా కొలిచి వాట్సాప్ చేశా. పెరిగే పిల్ల గదా, రెండంగుళాలు ఎక్కువ పెట్టించమన్నా.