హక్కుదారు లేని సినిమా: ‘డిటూర్’ మసక ప్రతుల వెనుక కథ

1945లో అమెరికాలో విడుదలైన ‘డిటూర్’ అనే నేరకథా చిత్రం నిడివి 68 నిమిషాలు. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఇవాళ ఎవరైనా దాన్ని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. కాని అలా దొరికే ప్రతుల్లో చాలావాటిలో ముఖాలు అలుక్కుపోయి, మాటలు గరగరలాడుతూ ఉంటాయి. చవకగా తీసిన పాత సినిమా ఇంతకంటే ఎలా ఉంటుందిలే అని చూసేవాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ మసకలో కొంత మాత్రమే దర్శకుడు కావాలని పెట్టుకున్నది. మిగిలినది కాపీరైటు చట్టమూ ఏళ్ల తరబడి సాగిన నిర్లక్ష్యమూ కలిసి దానికి అంటించినది.

చవకతనానికి మూలం 1930ల ఆర్థిక మాంద్యంలో ఉంది. ప్రేక్షకులు తగ్గిపోయిన ఆ రోజుల్లో థియేటర్లు ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపించసాగాయి. పెద్ద తారలున్న మొదటి చిత్రానికి వసూళ్లలో వాటా దక్కేది. దాని వెంట వేసే రెండో చిత్రానికి, అంటే బి పిక్చర్‌కు, సాధారణంగా ముందే ఖాయం చేసుకున్న అద్దె మాత్రమే ముట్టేది. ఎంత బాగా తీసినా రాబడి పెరగదు కాబట్టి, లాభం మిగలాలంటే ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. ఈ లెక్క మీదే బతికిన చిన్న సంస్థల్లో ప్రొడ్యూసర్స్ రిలీజింగ్ కార్పొరేషన్, పొట్టిగా పీఆర్‌సీ, మరీ అడుగున ఉండేది. ‘డిటూర్’ ఆ సంస్థ సినిమాయే.

దర్శకుడు ఎడ్గార్ జి. ఉల్మర్ అక్కడికి చేరింది ప్రతిభ లేక కాదు. 1904లో పుట్టి వియన్నాలో పెరిగిన ఆయన, జర్మన్ మూకీ చిత్రాల దర్శకుడు మూర్నావ్ దగ్గర పనిచేశారు. 1934లో యూనివర్సల్ సంస్థకు ‘ది బ్లాక్ క్యాట్’ తీసి పెట్టారు. అయితే ఆ సంస్థ అధినేత కార్ల్ లేమ్లీ బంధువు భార్యను ప్రేమించి పెళ్లాడటంతో పెద్ద స్టూడియోల్లో ఆయనకు చోటు లేకుండా పోయింది.

‘డిటూర్’ కోసం రచయిత మార్టిన్ గోల్డ్‌స్మిత్ తన 1939 నాటి నవలను తానే స్క్రీన్‌ప్లేగా మలిచారు. న్యూయార్క్ క్లబ్బులో పియానో వాయించే అల్ రాబర్ట్స్, ప్రియురాలిని కలుసుకోవడానికి దారినపోయే కార్లు ఆపి ఎక్కుతూ లాస్ ఏంజెలెస్ బయలుదేరతాడు. తనను ఎక్కించుకున్న మనిషి దారిలో హఠాత్తుగా చనిపోగా, పోలీసులు తన మాట నమ్మరన్న భయంతో అతని కారూ పేరూ తీసుకుని ముందుకు సాగుతాడు. ఒక కారు, కొన్ని గదులు, వెనుక తెర మీద కదిలే రోడ్డు బొమ్మ, ఇవే దాదాపు మొత్తం సరంజామా. న్యూయార్క్ వీధి కావలసిన చోట దట్టమైన పొగమంచు నింపి సరిపెట్టారు. తీయలేని దృశ్యాల లోటును నాయకుడి స్వగతం పూరించింది. ప్రయాణం తూర్పు నుంచి పడమరకు కాబట్టి తెర మీద కుడి నుంచి ఎడమకు సాగాలని కొన్ని షాట్ల నెగటివ్‌ను తిరగేస్తే, అమెరికా కార్లలో ఎడమన ఉండవలసిన స్టీరింగు కుడికి వచ్చి కూర్చుంది. (మన రోడ్లకు అలవాటుపడ్డ కంటికి ఇది తప్పుగానే తోచదు.) డబ్బు లేక చేసిన ఈ పనులే కథకు నప్పాయని నా అభిప్రాయం. తన తప్పేమీ లేదని పదేపదే చెప్పుకునే మనిషిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోలేని స్థితికి, చుట్టూ ఏమీ కనబడని ఆ పొగమంచు సరిగ్గా సరిపోయింది.

ఈ చిత్రాన్ని ఆరు రోజుల్లో తీశానని ఉల్మర్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ మాటే ప్రచారంలో స్థిరపడింది గాని, షూటింగుకు అంతకు రెట్టింపుకు పైగా రోజులు పట్టాయనీ, ఖర్చు లక్ష డాలర్లకు అటూఇటూగా అయిందనీ స్టూడియో కాగితాలు పరిశీలించినవారు తేల్చారు.

అసలు చిక్కు హక్కుల దగ్గర మొదలైంది. అమెరికా 1909 కాపీరైటు చట్టం ప్రకారం మొదట 28 ఏళ్లే రక్షణ ఉండేది. దరఖాస్తు చేసి రెన్యువల్ చేయించుకుంటేనే అది కొనసాగేది. 1940ల చివరికే పీఆర్‌సీ పేరు మరో సంస్థలో కలిసిపోయింది. 1950లలో టెలివిజన్ పెరగడంతో రెండో చిత్రాల వ్యాపారం కుదేలై, ఇటువంటి సినిమాలు అర్ధరాత్రి ప్రసారాలకు సరుకుగా మారాయి. 1970లలో గడువు ముగిసినప్పుడు ‘డిటూర్’ కోసం దరఖాస్తు చేసినవారే లేరు. దాంతో చేతికి దొరికిన ప్రింటుకు ఎవరైనా నకలు తీసి అమ్ముకోవచ్చు. నకలుకు నకలు, దాని నుంచి వీడియో క్యాసెట్టు, క్యాసెట్టు నుంచి డిస్కు తీసిన కొద్దీ వెలుగునీడల తేడా చెరిగిపోయింది. అయితే అంత విస్తారంగా తిరగడం వల్లనే దారిలో రాబర్ట్స్ కారెక్కి అతన్ని బెదిరించే వీరాగా ఆన్ సావేజ్ వేసిన పాత్ర కొత్త తరాలకు తెలిసింది. 1992లో ఈ చిత్రం భద్రపరచదగ్గ సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది.

గౌరవం దక్కినా మంచి ప్రింటు మాత్రం చాలాకాలం దొరకలేదు. చివరికి బెల్జియం ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్న ఒక 35 ఎంఎం ప్రింటు ఆధారమైంది. దాని మీద ఫ్రెంచి, ఫ్లెమిష్ సబ్‌టైటిళ్లు చెరపరాకుండా ముద్రించి ఉన్నాయి. అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్, ఫిల్మ్ ఫౌండేషన్ ఇతర సంస్థలతో కలిసి ఆ అక్షరాలను డిజిటల్‌గా తొలగించి, 2018లో 4కె (చాలా స్పష్టమైన డిజిటల్) ప్రతిని సిద్ధం చేశాయి. అయినా మూల చిత్రం మీద ఎవరికీ హక్కు లేదు కనుక పాత మసక ప్రతులను ఆపగలిగేవారూ లేరు. వెతికితే అవి ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి కాబట్టి, చూడదలచినవారు అది 2018 పునరుద్ధరణ ప్రతి అవునో కాదో ముందు చూసుకోవాలి.