గోదావరి టేకు నుంచి ఫైబర్ తెప్ప దాకా

హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం చేరి ఆగిపోతుంది. గోల్కొండ సుల్తానులకు సముద్రమంటే ఆ బందరే. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది ఈ రాజ్యపు సరుకు కోసమే. గోల్కొండ వజీరు మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి. సముద్రం లేని హైదరాబాదులో ఉండి పడవల గురించి రాయడానికి నాకు ఈ పాత చుట్టరికం చాలు.

ఓడలు కట్టడంలో మాత్రం పేరు గోదావరి ఒడ్డునున్న నరసాపురానిది. అదీ గోల్కొండ ఏలుబడిలోదే. ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు గోదావరి మీద తేలుతూ దిగువకు వచ్చేవి. వడ్రంగులు, కమ్మరులు, తాళ్లు పేనేవాళ్లు, తెరచాపలు కుట్టేవాళ్లు అందరికీ ఒక్క ఓడ మీద పని దొరికేది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ కూడా ఆ పక్కనే మాధవాయిపాలెంలో ఓడలు కట్టించుకుంది. కర్ర ఇక్కడిదే, పనితనమూ ఇక్కడిదే. అందుకే కూలి డబ్బు ఆ ఊళ్లలోనే తిరిగింది. నేను ముఖ్యమనుకునేది ఇదే.

తరువాత వంతు కాకినాడ దగ్గరి కోరంగి రేవుది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ 'కోరంగీలు' అని పిలిచారంటే ఆ రేవు ఎంతటిదో ఊహించవచ్చు. 1839 నవంబరు తుపాను దాన్ని ఊడ్చేసింది. నది తెచ్చే ఒండ్రు మిగిలిన పని పూర్తిచేసింది. రేవు పోయినా విద్య పోలేదు, పక్కనున్న తాళ్లరేవు వడ్రంగుల చేతుల్లో నిలిచింది.

1941లో విశాఖలో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1948 మార్చి 14న అక్కడ కట్టిన ఓడ 'జల ఉష' నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. దేశమంతా గర్వపడిన రోజు అది. అయితే ఉక్కు ఓడల దారి వేరు, ఒడ్డున తెప్ప కట్టే మనిషి దారి వేరు.

ఆ మనిషి బతుకును మార్చింది ఫైబర్, అంటే గాజు నారను రెజిన్ అనే జిగురుతో గట్టిపరచి చేసే పడవ. తేలిక, కుళ్లదు, పురుగు పట్టదు. జాలరులు దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. కానీ రెజిన్, గాజు మ్యాటు, ఇంజను అన్నీ బయటి ఫ్యాక్టరీల నుంచే రావాలి. పడవ ఖరీదులో ఊరికి దక్కే వాటా అక్కడే తగ్గిపోయింది.

ఇప్పటికీ ఊరి చేతిలో గట్టిగా మిగిలింది మరమ్మతు. పగిలిన ఫైబరుకు అతుకు వేయాలన్నా, ఇంజను విప్పి బిగించాలన్నా, మరబోటు పలకల సందులు పూడ్చాలన్నా ఒడ్డునే చేయాలి. దూరం పంపితే రవాణాకే డబ్బంతా పోతుంది. రేవులో పెట్టే పెట్టుబడి ముందుగా ఈ పనికే అందాలని నా అభిప్రాయం: బోటును పైకి లాగే ర్యాంపు, నీడనిచ్చే షెడ్డు, విడిభాగాల దుకాణం, కుర్రాళ్లకు కూలి ఇస్తూ నేర్పే పని.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. వేట మానిన మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. సరిగ్గా ఆ ఎండల్లోనే బోట్లన్నీ మరమ్మతుకు వస్తాయి. జూన్ 15 తెల్లవారేసరికి అవి మళ్లీ నీళ్లలో ఉండాలి.