పావు వాట్ చాలు, వంద వాట్లు చాలవు

"మా స్పీకర్ల మీద 80 వాట్లు అని రాసి ఉంది. 100 వాట్ల యాంప్లిఫైయర్ తగిలిస్తే కాలిపోతాయా?" అని ఒక పాఠకుడు అడిగారు. తగిలించినంత మాత్రాన కాలిపోవు, వాల్యూమ్ మీ చేతిలోనే ఉంది కదా. నిజానికి 30 వాట్ల బుల్లి యాంప్లిఫైయర్‌తో గొంతు చించుకునేలా అరిపించినా స్పీకర్ పోవచ్చు. విడ్డూరంగా ఉన్నా ఈ లెక్కంటే నాకు భలే ఇష్టం.

స్పీకర్‌తో వచ్చే కాగితంలో వాట్ల పక్కన సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది. ఎవరూ చూడరు. అది 88 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) అనుకుందాం. ఒక్క వాట్ పంపితే మీటరు దూరంలో అంత మోగుతుందన్నమాట. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 పోతాయి. సోఫా 4 మీటర్ల దూరంలో ఉంటే 12 పోయి 76 మిగులుతాయి. (గోడలు తిప్పికొట్టే శబ్దం కొంత కలుస్తుంది, దాన్ని వదిలేద్దాం.) సినిమాలో మాటలు 70 దగ్గరుంటే హాయిగా వినిపిస్తాయి. 3 డెసిబెల్స్ తగ్గితే పవర్ సగం, 6 తగ్గితే పావు. అంటే మీ 100 వాట్ల యాంప్లిఫైయర్ సినిమాలో చాలాసేపు చేసే పని పావు వాట్!

ఇంతలో తెరమీద తలుపు ధడాలుమంటుంది. ఆ క్షణం 90 తాకాలంటే 25 వాట్లు కావాలి. 96కి 100. థియేటర్ల కొలమానం ప్రకారం ఒక్కో ఛానల్ 105 దాకా ఎగరాలంటే సుమారు 800! డెసిబెల్స్ లెక్క నడిచేదే సంవర్గమానాల (లాగరిథమ్స్) మీద. బడిలో అవంటే పట్టిక చూసి అంకెలు దించుకోవడమే అనిపించారు కానీ, ఈ పావు నుంచి 800 దాకా నిచ్చెన వేసి చూపిస్తే ఎవరు మరిచిపోతారు?

30 వాట్ల యాంప్లిఫైయర్ ఆ 90 దాకా బాగానే లాగుతుంది. ఇంకా పెంచితే అది స్పీకర్‌కి పంపే కరెంటు అలల తలలు కోసేసినట్టు చదునైపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మొత్తం చదునైన అల అదే ఎత్తున్న మామూలు అలకన్నా రెట్టింపు పవర్ మోస్తుంది, అంటే 30 కాస్తా 60. పైగా బాస్ అక్కడే ఆగిపోయినా సన్నని శబ్దాలు పెరుగుతూనే ఉంటాయి. అవన్నీ వెళ్లేది ట్వీటర్‌కి, అంటే పెట్టెలో సన్నని శబ్దాలు పలికే బుల్లి స్పీకర్‌కి. దాని కాయిల్ వెంట్రుకలాంటి తీగ, కొన్ని వాట్లు ఎక్కువసేపు పడితేనే తట్టుకోలేదు. 80 అన్న అంకె స్పీకర్ మొత్తానిది, ట్వీటర్‌ది కాదు. మాటల్లో 'స', 'శ' ఇసుక నమిలినట్టు గరగరలాడితే వెంటనే తగ్గించండి.

ఇదే 3 డెసిబెల్స్ చెవి దగ్గర ఇంకో పని చేస్తుంది. కార్మికుల కోసం అమెరికాలోని నియోష్ సంస్థ పెట్టిన హద్దు: సగటున 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 88కి 4, 91కి 2, 94కి గంట, 100కి పావుగంట. 3 పెరిగితే చెవిలో పడే శక్తి రెట్టింపు, అందుకే సమయం సగం. చెవి లోపల శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కసారి పోతే మళ్ళీ మొలవవు. తమాషా ఏమిటంటే, 3 డెసిబెల్స్ తేడా వినేవాళ్ళకి తెలిసీ తెలియనట్టుంటుంది. 100 నుంచి 97కి దించితే "తగ్గించావా?" అని కూడా ఎవరూ అడగకపోవచ్చు. పావుగంట మాత్రం అరగంట అవుతుంది.